ఎత్తిన చెయ్యి

ముందు ఆ చెయ్యి సంగతి చెప్పాలి.

రాక్ పాట వాయించే డ్రమ్మర్ కుడిచెయ్యి ఎక్కువసేపు హై-హ్యాట్ మీదే ఉంటుంది. ఒకే కడ్డీకి ఎదురెదురుగా బిగించిన రెండు చిన్న కంచు తాళాలవి. కాలితో తొక్కితే మూసుకుంటాయి, వదిలితే తెరుచుకుంటాయి. మూసుకున్న ఆ తాళాల మీద కుడిచేతి పుల్ల ఆవర్తనానికి ఎనిమిది దెబ్బల చొప్పున వేసుకుంటూ పోతుంది. ఎడమచెయ్యి స్నేర్ డ్రమ్ దగ్గర కాచుకుని ఉండి, ఆ ఎనిమిదిలో మూడోదానికీ ఏడోదానికీ గట్టిగా దిగుతుంది. పాట నచ్చినప్పుడు జనం చప్పట్లు కొట్టేది ఆ రెండు చోట్లే. మామూలుగా అక్కడ రెండు చేతులూ కలిసి పడతాయి.

రోలింగ్ స్టోన్స్ బృందంలో డ్రమ్మర్ చార్లీ వాట్స్ చేతులు అలా పడవు. ఎడమచెయ్యి దిగబోయే క్షణంలో ఆయన కుడిచెయ్యి హై-హ్యాట్ మీంచి పైకి లేస్తుంది. లేచి, గాలిలో ఒక్క లిప్తపాటు ఆగుతుంది. స్నేర్ మోగాక మళ్ళీ వచ్చి తన పనిలో పడుతుంది. ఎనిమిది దెబ్బలకు ఆరే మిగులుతాయి. ఆ రెండు ఖాళీల్లో స్నేర్ ఒంటరిగా, నిండుగా, పక్కన ఇంకే చప్పుడూ అంటకుండా వినిపిస్తుంది. రోలింగ్ స్టోన్స్ పాట విని ఒళ్ళు ఎందుకు ఊగుతోందో తెలియనివాళ్ళకి ఆ ఊపులో కొంత భాగం ఇక్కడినుంచే వస్తోందని చెప్పాలనిపిస్తుంది నాకు. కొట్టని దెబ్బ నుంచి.

ఏళ్ళు గడిచేకొద్దీ ఆ అలవాటు ఆయన సంతకం అయిపోయింది. వీడియోల్లో చూస్తే స్పష్టంగా తెలుస్తుంది. ముందు వరసలో గాయకుడు మిక్ జాగర్ వేదిక ఈ చివర నుంచి ఆ చివరకి పరుగెడుతుంటాడు, కీత్ రిచర్డ్స్ గిటార్ మీదకి వంగి ఉంటాడు. వెనక ఒకాయన నిటారుగా కూర్చుని, ముఖంలో ఏ భావమూ లేకుండా, ప్రతి ఆవర్తనంలో రెండుసార్లు చెయ్యి ఎత్తుతుంటాడు.

మొదటిసారి అది గమనించినప్పుడు నా అరచెయ్యి తనంతట తానే వెల్లకిలా తిరిగింది. చిన్నప్పుడు నేర్చుకున్నది ఒళ్ళు మరిచిపోదు. ఆది తాళంలో ఎనిమిది అక్షరాలు. ఒక దెబ్బ, మూడు వేళ్ళు, తర్వాత దెబ్బా విసర్జితం, మళ్ళీ దెబ్బా విసర్జితం. విసర్జితమంటే చేతిని తిప్పి విడిచిపెట్టడం. మనవాళ్ళు తాళక్రియల్ని సశబ్దమనీ నిశ్శబ్దమనీ రెండుగా విడదీశారు. చప్పుడు లేనిదాన్ని కూడా క్రియే అన్నారు. ఆ మాట ఎంత లోతైనదో నాకు నేర్చుకునే రోజుల్లో తెలియలేదు. లండన్ శివార్లలో పెరిగిన ఒక లారీ డ్రైవర్ కొడుకు ఎనిమిదిలో రెండుసార్లు చెయ్యి ఎత్తడం చూశాకే తెలిసింది. ఆయన ఖాళీలు మన విసర్జితాలు పడే చోట్ల పడవు. ఆ లెక్క వేరు, ఆ సంగీతం వేరు. రెంటినీ కలిపి ముడివేయాలని నాకు లేదు. చప్పుడు లేని పనిని పనిగా గుర్తించిన మనుషులు రెండు చోట్లా ఉన్నారన్నదే నాకు ముఖ్యం.

విజయవాడ సత్యనారాయణపురంలో నాలుగేళ్ళు మృదంగం నేర్చుకున్నాను. పన్నెండో ఏట అనుకుంటాను, శ్రీరామనవమి పందిట్లో ఒక చిన్న కచేరీకి మా మాస్టారు నన్ను కూర్చోబెట్టారు. పాడుతున్నది మా వీధిలోనే ఉండే ఒక అక్క. నాకు వచ్చిన ముక్తాయింపులన్నీ ఆ సాయంత్రమే వాయించేశాను. ఆవిడ ఊపిరి తీసుకునే చోటల్లా నా మృదంగమే. దిగి వచ్చాక మాస్టారు నన్ను పందిరి రాట దగ్గరకు పిలిచారు.

"ఇంతసేపూ నీ మృదంగం విన్నానురా. పాట ఎక్కడుంది?"

"తాళం తప్పలేదు కదండీ మాస్టారూ."

"తప్పలేదు. బాగానే వాయించావు. ఎక్కడైనా ఆపావా?"

ఆ ప్రశ్నకి జవాబు చెప్పలేక తల దించుకున్నాను. మృదంగం మానేసి ముప్పై ఏళ్ళు దాటింది. ఆ ప్రశ్న మాత్రం నన్ను మానలేదు. చార్లీ వాట్స్ గురించి ఇంత ఇష్టంగా రాయడానికి అసలు కారణం అదే.

ఆయన 1941 జూన్ 2న లండన్‌లో పుట్టాడు. తండ్రి రైల్వే కంపెనీలో లారీ నడిపేవాడు. యుద్ధంలో బాంబులకు ఇళ్ళు కూలిపోయాక ప్రభుత్వం ఫ్యాక్టరీల్లో ముక్కలుగా తయారుచేయించి తెచ్చి బిగించిన ఇళ్ళు కొన్ని వెంబ్లీలో ఉండేవి. చార్లీ కుటుంబం అలాంటి ఇంట్లోకి మారింది. పక్కింట్లో డేవ్ గ్రీన్ అనే పిల్లవాడు. ఇద్దరికీ అమెరికా నల్లవాళ్ళ జాజ్ పిచ్చి. ఇద్దరూ కలిసి రికార్డులు వినేవాళ్ళు. ఈ డేవ్ గ్రీన్ పేరు గుర్తుపెట్టుకోవాలి, మళ్ళీ వస్తుంది.

పదమూడో పద్నాలుగో ఏట చార్లీ ఒక బ్యాంజో కొన్నాడు. వేళ్ళకి అది లొంగలేదు. ఆ రోజుల్లోనే జెర్రీ మల్లిగన్ బృందం వాయించిన "వాకింగ్ షూస్" అనే రికార్డు విన్నాడు. అందులో చికో హామిల్టన్ పుల్లలు పక్కన పెట్టి, తీగల కుంచెలతో డ్రమ్ చర్మాన్ని నిమురుతూ వాయిస్తాడు. పిల్లవాడు బ్యాంజో మెడ ఊడదీశాడు. మిగిలిన గుండ్రటి భాగాన్ని ఒక స్టాండు మీద నిలబెట్టి, కుంచెలు పట్టుకుని వాయించడం మొదలుపెట్టాడు. ప్రపంచంలో అతి పెద్ద రాక్ బృందానికి డ్రమ్మర్ కాబోయేవాడి మొదటి డ్రమ్ అది. తీగలు తీసేసిన బ్యాంజో. తొలి పాఠం నిమరడం. 1955లో అమ్మానాన్నలు డ్రమ్ సెట్ కొనిపెట్టారు.

వృత్తి మాత్రం బొమ్మలనే అనుకున్నాడు. హ్యారోలో ఆర్ట్ స్కూల్లో చదివి, ఒక ప్రకటనల సంస్థలో గ్రాఫిక్ డిజైనర్‌గా చేరాడు. ఆ రోజుల్లోనే చార్లీ పార్కర్ మీద ఒక బొమ్మల పుస్తకం గీశాడు. ఆ మహా శాక్సొఫోన్ విద్వాంసుడిని జాజ్ లోకం "బర్డ్" అని పిలిచేది. కాబట్టి పుస్తకంలో కథానాయకుడు ఒక పిట్ట. పిల్లల పుస్తకంలా ఉంటుంది, దుఃఖం మాత్రం పెద్దలది. స్టోన్స్‌కి పేరు వచ్చాక అది అచ్చయింది. పేరు రాకముందే, ఎవరూ అడగకుండానే, తను దేవుడిగా భావించే మనిషి కోసం కూర్చుని గీసిన బొమ్మలవి. ఆయన మనసు ఏ గుడిలో ఉండేదో ఆ పుస్తకం చెబుతుంది. రాక్ ఆ గుడి కాదు.

1962లో ఆలెక్సిస్ కార్నర్ నడిపే బ్లూస్ ఇన్‌కార్పొరేటెడ్‌లో చేరాడు. లండన్‌లో బ్లూస్ పిచ్చి ఉన్న కుర్రాళ్ళంతా ఆ వేదిక చుట్టూ తిరిగేవాళ్ళు. జాగర్, రిచర్డ్స్, బ్రయన్ జోన్స్ వాళ్ళలోనే ఉన్నారు. చార్లీ తప్పుకున్నాక ఆ స్థానంలోకి జింజర్ బేకర్ వచ్చాడు. స్టోన్స్ కుర్రాళ్ళు చార్లీ కోసం చాలాకాలం కాచుకున్నారు. ఆయనకి ఉద్యోగం ఉంది, వాళ్ళ దగ్గర ఇవ్వడానికి డబ్బు లేదు. చివరికి 1963 జనవరిలో చేరాడు. ఇది ఓ ఏడాది నడుస్తుందేమో అనుకున్నాడట. చనిపోయేదాకా నడిచింది.

ఇక్కడే నాకు ఎంతో ఆలోచన కలిగించే విషయం ఉంది. ఇష్టమైన పనిలోనే జీవితం గడపాలని మనం పిల్లలకి చెబుతుంటాం. చార్లీకి ప్రాణం జాజ్. దొరికింది రాక్. దొరికినదాన్ని ఆయన చిన్నచూపు చూడలేదు, సగం మనసుతో చేయలేదు, "నా అసలు స్థాయి ఇది కాదు" అని ముఖం మాడ్చుకోలేదు. యాభై ఎనిమిదేళ్ళు దానికి తన సర్వస్వం ఇచ్చాడు. ఇస్తూనే ప్రాణమైనదాన్ని కూడా లోపలికి పట్టుకెళ్ళాడు. ఆయన ఎడమచెయ్యి పుల్లను పట్టే తీరు చూడండి. రాక్ డ్రమ్మర్లు చాలామంది రెండు పుల్లల్నీ సుత్తిలా పిడికిట్లో పట్టుకుంటారు. చార్లీ ఎడమచేతి పుల్ల బొటనవేలి సందులో అడ్డంగా పడుకుని ఉంటుంది. అది పాతకాలపు జాజ్ పట్టు. లక్షమంది కూర్చున్న స్టేడియంలోనూ ఆ ఎడమచెయ్యి ఒక చిన్న జాజ్ క్లబ్బులోనే ఉండేది.

స్టోన్స్ నడక ఎలా ఉంటుందో ఆ బృందంలో బాస్ గిటార్ వాయించిన బిల్ వైమన్ ఒకసారి వివరించాడు. మిగతా బృందాల్లో అందరూ డ్రమ్మర్‌ని అనుసరిస్తారు. స్టోన్స్‌లో డ్రమ్మర్ కీత్ గిటార్‌ని అనుసరిస్తాడు. కాబట్టి ఆయన దెబ్బ గిటార్ కంటే కొంచెం, వెంట్రుకవాసి, వెనక పడుతుంది. వాళ్ళ పాట ఎప్పుడూ జారిపోతున్నట్టూ ఎప్పటికీ పడిపోనట్టూ ఉండటానికి కారణం ఆ వెంట్రుకవాసి. బిందె తలమీద పెట్టుకుని చేత్తో పట్టుకోకుండా గట్టు మీద నడిచే మనిషిని చూసినప్పుడు కూడా మనకి అలాగే ఉంటుంది. బిందె కదులుతుంది, కానీ పడదు.

దీన్ని లోపమనేవాళ్ళు ఉన్నారు. "హాంకీ టాంక్ విమెన్" 1969 నాటి పాట. మొదట్లో ఉన్న వేగానికీ చివర ఉన్న వేగానికీ తేడా వినేవాళ్ళకి తెలిసిపోతుంది, పాట పోనుపోను పరుగందుకుంటుంది. ఇప్పుడైతే చెవిలో యంత్రం టిక్కుటిక్కుమంటుండగా వాయించి, ఆ తేడాని కంప్యూటర్లో సరిచేసేస్తారు. కాలప్రమాణం చెడకూడదని నేర్చుకున్నవాణ్ణే నేనూ. అయినా ఆ పాటని సరిచేస్తే చచ్చిపోతుందని నమ్ముతాను. అది మనుషులు ఒకళ్ళనొకళ్ళు వింటూ ఉత్సాహపడటం వల్ల వచ్చిన వేగం. పల్లకి మోసేవాళ్ళ అడుగు ఊరు దగ్గరపడేకొద్దీ ఎలా మారుతుందో అలా.

అదే కాలం నాటి ఇంకో రెండు పాటల సంగతి చెప్పకుండా ఉండలేను.

"స్ట్రీట్ ఫైటింగ్ మ్యాన్" 1968లో వచ్చింది. వీధుల్లో నిరసనలు చెలరేగుతున్న ఏడాది. పాట మొదట్లోనే ఓ భీకరమైన డ్రమ్ వినిపిస్తుంది, పెద్ద నగారా ఏదో మోగిస్తున్నారనుకుంటాం. నిజానికి అది 1930ల నాటి చిన్న సెట్. సాధన కోసం చేసింది, మడిచి సూట్‌కేసులో పెట్టుకోవచ్చు, దాదాపు ఆటబొమ్మ. కీత్ మామూలు గిటార్‌తో కింద కూర్చున్నాడు, చార్లీ ఆ బొమ్మ సెట్‌తో ఎదురుగా కూర్చున్నాడు. ఒక చిన్న ఫిలిప్స్ క్యాసెట్ రికార్డర్ ఆ ఇద్దరి మోతనీ తట్టుకోలేక నలిపి, బిగించి పట్టుకుంది. ఆ నలిగిన ధ్వనే పాటకి పునాది. అదే ధ్వని కోసం ఎవరైనా ఇంకా పెద్ద డ్రమ్ తెప్పించేవాళ్ళు. ఆయన ఇంకా చిన్నది తెచ్చాడు.

రెండోది "యూ కాంట్ ఆల్వేస్ గెట్ వాట్ యూ వాంట్". అదే ఏడాది నవంబరులో లండన్ ఒలింపిక్ స్టూడియోలో రికార్డు చేశారు. ఆ పాటకి నిర్మాత జిమ్మీ మిల్లర్. ఆయనకి ఒక ప్రత్యేకమైన నడక కావాలి. చార్లీకి అది కుదరలేదు. మిల్లర్ స్వయంగా డ్రమ్మర్, ఇలా అని వాయించి చూపించాడు. అయినా కుదరలేదు. చివరికి ఆ రికార్డులో డ్రమ్స్ వాయించింది మిల్లరే. ప్రపంచమంతా వింటున్న స్టోన్స్ పాటల్లో ఒకదాని మీద స్టోన్స్ డ్రమ్మర్ చెయ్యి లేదు.

ఇలాంటి గంట ఒకటి కళాకారుడి జీవితంలో ఎంత బరువైనదో నాకు కొంచెం తెలుసు. పక్కకి తప్పుకుని, నీ పీట మీద ఇంకొకరు కూర్చుంటే, నీకు రానిది వాళ్ళ చేతుల్లో పలుకుతుంటే వినాలి. చాలామంది ఆ పాటనే ద్వేషిస్తారు. చార్లీ ఏం చేశాడంటే, మిల్లర్ వాయించిన తీరుని మెచ్చుకున్నాడు, ఆయన దగ్గర తాను నేర్చుకున్నానని తర్వాత చాలాసార్లు చెప్పాడు. ఆ నడకని పట్టుకుని యాభై ఏళ్ళు వేదికల మీద ఆ పాటని తనే వాయించాడు. మా మాస్టారి మాటల్లో చెప్పాలంటే, ఆపడం వచ్చినవాడు.

ఆ తర్వాతి దశాబ్దం డ్రమ్ సోలోల కాలం. జింజర్ బేకర్, జాన్ బోనమ్ లాంటివాళ్ళు ఒక్కొక్కరే నిమిషాల తరబడి వాయిస్తుంటే స్టేడియాలు ఊగిపోయేవి. బోనమ్ "మోబీ డిక్" వింటే నాకిప్పటికీ రోమాలు నిక్కబొడుచుకుంటాయి. కీత్ మూన్ డ్రమ్స్ మీద ఒక తుఫాను. వాళ్ళని తక్కువచేసి చార్లీని ఎక్కువచేయాలని లేదు. తని ఆవర్తనానికి తన చోటు ఉంది. చార్లీ ఆ చోటు తనకి వద్దన్నాడు. సోలోలంటే ఆయనకి ఇష్టం లేదు, వాయించలేదు. చుట్టూ డ్రమ్ సెట్లు గోడల్లా పెరిగిపోతుంటే ఆయన 1957లో తయారైన నాలుగు డ్రమ్ముల గ్రెచ్ సెట్‌తో కాలం గడిపాడు. ఆకాశాన్నంటే వేదికల మీద, రంగుల దీపాల మధ్య ఆ చిన్న సెట్ మండువాలో పెట్టిన తులసికోటలా ఉండేది.

1970లో వచ్చిన "గెట్ యెర్ యా-యాస్ అవుట్" అనే ఆల్బమ్ అట్ట మీద ఒక్కడే ఎగిరి గంతేస్తున్న మనిషి చార్లీయే, పక్కన డ్రమ్ములు మోస్తున్న గాడిద. ముందుకు రావడం ఇష్టంలేని మనిషిని అట్ట మీద ముందు నిలబెట్టారు. బొమ్మ కాబట్టి ఒప్పుకున్నాడేమో. బొమ్మలంటే ఆయనకి ఎప్పుడూ గౌరవం.

పక్కవాద్యమంటే అణిగిమణిగి ఉండటమని ఎవరైనా అనుకుంటే ఆమ్‌స్టర్‌డామ్ సంగతి వాళ్ళకి చెప్పాలి. 1984లో జరిగిందని కీత్ తన ఆత్మకథలో రాశాడు. తాగి ఉన్న జాగర్ తెల్లవారుజామున చార్లీ గదికి ఫోన్ చేసి, నా డ్రమ్మర్ ఎక్కడ అని అడిగాడు. చార్లీ ఫోన్ పెట్టేశాడు. లేచి గడ్డం గీసుకున్నాడు. సూటు వేసుకుని, టై కట్టుకుని, మెరిసే బూట్లు తొడుక్కుని వచ్చాడు. జాగర్‌ని ఒక్క గుద్దు గుద్దాడు. నేను నీ డ్రమ్మర్‌ని కాదు, నువ్వే నా గాయకుడివి అన్న అర్థం వచ్చేలా చెప్పి వెళ్ళిపోయాడు. కొట్టడాన్ని నేను సమర్థించను. ఆ కథ విని నవ్వుకునేవాళ్ళని చూస్తే బాధగా ఉంటుంది. నా దృష్టి ఆ టై దగ్గర ఆగిపోతుంది. అవమానం జరిగిన క్షణానికీ చెయ్యి లేచిన క్షణానికీ మధ్య ఒక మనిషి గడ్డం గీసుకునేంత సమయం తీసుకున్నాడు. తానూ ఒక మనిషినని చాటుకోవడానికి ముందు మనిషిలా తయారయ్యాడు. "నా" అనే ఒక్క అక్షరం మాటలో ఎంత హింస ఉంటుందో పక్కవాద్యం వాయించిన ప్రతివాడికీ తెలుసు.

అవి ఆయనకి చీకటి రోజులు కూడా. మిగతావాళ్ళు ఇరవైల్లో చేసిన తప్పులు ఆయన నలభై దాటాక చేశాడు. తాగుడు, హెరాయిన్. ఇరవై ఏళ్ళుగా తోడున్న భార్య షర్లీ దూరమయ్యే దాకా వచ్చింది. 1964లో చడీచప్పుడు లేకుండా పెళ్ళి చేసుకున్న జంట. ఆ రోజుల్లో ఒకసారి సారా సీసా కోసం ఇంటి కింది గదిలోకి మెట్లు దిగుతూ జారిపడి చీలమండ విరగ్గొట్టుకున్నాడు. కొన్ని వారాల్లో రానీ స్కాట్స్ జాజ్ క్లబ్బులో వాయించాల్సి ఉంది. అది ఆయన కుర్రతనం నుంచి కలగన్న వేదిక. ఆ మెట్ల మీదే అన్నీ మానేశాడు. స్టోన్స్ కోసం మానలేదు, జాజ్ కోసం మానాడు. ఆయన్ని బతికించింది మొదటి ప్రేమే.

అక్కడినుంచి ఆయనకి రెండో జీవితం మొదలైంది. పెద్ద జాజ్ ఆర్కెస్ట్రాతో వాయించాడు. 1991లో అయిదుగురితో క్వింటెట్ కట్టి, కుర్రతనంలో గీసిన ఆ పిట్ట పుస్తకం కోసం సంగీతం రికార్డు చేశాడు. 2000లో మరో డ్రమ్మర్ జిమ్ కెల్ట్‌నర్‌తో కలిసి చేసిన ఆల్బమ్‌లో పాటలకి పేర్లుగా మ్యాక్స్ రోచ్, కెన్నీ క్లార్క్, రాయ్ హేన్స్, ఆర్ట్ బ్లేకీ అంటూ తన గురుస్థానీయులైన డ్రమ్మర్ల పేర్లే పెట్టాడు. ఒక్కొక్క పాటా ఒక్కొక్క నమస్కారం. చివరి దశలో నలుగురితో ఓ బూగీ-వూగీ బృందం ఉండేది. ఆక్సెల్, బెన్, చార్లీ, డేవ్. ఇంగ్లీషు అక్షరమాలలో మొదటి నాలుగక్షరాలతో మొదలయ్యే పేర్లు, బృందం పేరు కూడా అలాగే పెట్టుకున్నారు. ఆ నాలుగోవాడు వెంబ్లీలో పక్కింటి డేవ్ గ్రీనే. డెబ్బై ఏళ్ళ ముసలివాళ్ళిద్దరు, ఒకరు డబుల్ బాస్, ఒకరు డ్రమ్స్, చిన్న క్లబ్బుల్లో పక్కపక్కన నిలిచి వాయించుకున్నారు. స్టేడియాల కీర్తికన్నా ఆ దృశ్యం నాకు ఎక్కువ సంతోషమిస్తుంది.

మిగతా విశేషాలు అందరూ చెప్పేవే. లండన్ సావిల్ రోలో కుట్టించుకున్న సూట్లు, డెవన్‌లో షర్లీతో కలిసి పెంచిన అరబ్బీ గుర్రాలు, డ్రైవింగు రాకపోయినా కొని లోపల కూర్చుని ఇంజిన్ చప్పుడు వినే పాత కార్లు. వీటికన్నా నాకు ఆ మంచాల బొమ్మలంటే ఇష్టం. 1960ల చివరి నుంచి పర్యటనల్లో పడుకున్న ప్రతి హోటల్ మంచాన్నీ ఆయన గీశాడు. ఒక్కటి కూడా వదలకుండా. బయట వీధుల్లో జనం, గదుల్లో విందులు, ఆయన మాత్రం పెన్సిల్ తీసుకుని ఆ రాత్రి తను తల వాల్చబోయే చోటుని చూసి గీసేవాడు. ఇంటికి దూరంగా ఉన్న మనిషి రోజుకొక బొమ్మతో తన్ను తాను పోగొట్టుకోకుండా నిలుపుకున్నాడు. రాత్రి విసర్జితాలు అవి.

2003 ఏప్రిల్ 4న స్టోన్స్ బెంగళూరులో వాయించారు, 7న ముంబైలో. అప్పుడు నేను బెంగళూరులోనే ఉద్యోగంలో ఉన్నాను. వెళ్ళలేదు. మా ఆఫీసు నుంచి ఇద్దరు గుంటూరువాళ్ళు వెళ్ళొచ్చి, వారం రోజులు జాగర్ పరుగుల గురించే చెప్పారు. ఈ వ్యాసం రాయడానికి ముందు వాళ్ళలో ఒకతనికి ఫోన్ చేసి, వెనకాల డ్రమ్స్ దగ్గర ఎవరున్నారో గుర్తుందా తమ్ముడూ అని అడిగాను. కాసేపు ఆలోచించాడు. "ఉన్నాడన్నా, తెల్లజుట్టాయన. అందరూ ఎగురుతుంటే ఆయనొక్కడే కదల్లేదు. ఆయన్ని చూస్తుంటే ఎందుకో మనసు కుదుటపడింది," అన్నాడు. ఇరవై ఏళ్ళు దాటాక గుర్తున్నది అది.

ఆ బెంగళూరు కచేరీ జరిగిన మరుసటి ఏడాదే చార్లీకి గొంతు క్యాన్సర్ వచ్చింది. రేడియేషన్‌తో కోలుకుని మళ్ళీ వచ్చి కూర్చున్నాడు. 2019 ఆగస్టులో అమెరికాలోని మయామీ దగ్గర కచేరీ ఉంటే, డోరియన్ తుఫాను వస్తోందని ఒకరోజు ముందుకు జరిపి 30న వాయించారు. స్టోన్స్‌తో ఆయన వాయించిన ఆఖరి కచేరీ అదేనని ఎవరికీ తెలియదు. 2021లో ఆరోగ్యం కుదరక, తన స్థానంలోకి స్టీవ్ జోర్డన్‌ని ఒప్పుకుని తప్పుకున్నాడు. ఆగస్టు 24న, ఎనభయ్యో ఏట, లండన్‌లో కన్నుమూశాడు. 2023లో స్టోన్స్ తెచ్చిన "హ్యాక్నీ డైమండ్స్"లో రెండు పాటల్లో ఆయన ముందే వాయించి పెట్టిన డ్రమ్స్ ఉన్నాయి. వింటుంటే ఆ ఖాళీలు యథాస్థానంలో వినిపిస్తాయి.

నేను మాత్రం మళ్ళీ మళ్ళీ చూసేది 2020 ఏప్రిల్ నాటి వీడియో. కోవిడ్ వల్ల లోకమంతా ఇళ్ళలో ఉన్న రోజులు. స్టోన్స్ నలుగురూ నాలుగు ఇళ్ళనుంచి ఒకే పాట వాయించి సాయం కోసం జరిగిన కార్యక్రమానికి పంపారు. తెర నాలుగు గడులుగా ఉంటుంది. మొదట జాగర్ కనిపిస్తాడు, తర్వాత కీత్, తర్వాత రానీ వుడ్. నాలుగో గడి తెరుచుకుంటే చార్లీ. చెవులకు హెడ్‌ఫోన్లు, చేతుల్లో పుల్లలు, ముఖంలో అరుదైన నవ్వు. ఎదురుగా డ్రమ్స్ లేవు. సామాన్లు పెట్టుకునే పెట్టెలు, పక్కన సోఫా చెయ్యి. వాటి మీదే వాయిస్తున్నాడు. పాట "యూ కాంట్ ఆల్వేస్ గెట్ వాట్ యూ వాంట్". యాభై రెండేళ్ళ కింద తనకి కుదరక, పీట మీంచి లేచి ఇంకొకరికి ఇచ్చిన పాట.

వీడియో పెట్టినప్పుడల్లా నా కళ్ళు ఆ కుడిచెయ్యి కోసమే వెతుకుతాయి. ఒళ్ళో నా అరచెయ్యి వెల్లకిలా తిరిగి ఉంటుంది.